బావి తవ్వించిన వేసవి

మా పెరటి బావిని నేను లోతు చేయించిన సంగతి మా బజారులో చాలాకాలం చెప్పుకున్నారు. భార్య నీళ్లు మోస్తుంటే చూడలేకపోయాడని, అంత మెత్తని మనసున్న మగవాడు వెతికినా దొరకడని. ఆ మాటను నేను ఏనాడూ కాదనలేదు. ఇప్పుడు కాదనడానికే ఇది రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. జర్మనీ లడాయి, రెండో ప్రపంచ యుద్ధం, నడుస్తున్న రోజులు. సిద్దిపేట బజారులో మాది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక చిన్న పెరడు, పెరట్లో బావి. మూడు వైపులా పక్కిళ్ల గోడలే కావడంతో బయటికి పోవాలంటే దుకాణంలోంచే పోవాలి. పొద్దున దుకాణం తలుపు పలకలు తీసిన తర్వాత ఇంటి ఆడవాళ్లు అందులో అడుగు పెట్టకూడదు. ఇది ఎవరు పెట్టిన నియమమో నాకు తెలియదు. గిరాకీల ఎదుట మన ఇంటి ఆడవాళ్లు అటూ ఇటూ నడవడం మర్యాద కాదని నాయిన అనేవాడు, ఆయన పోయాక నేను అన్నాను. ఒకసారి మా అమ్మకు పన్ను నొప్పి లేచి దవడంతా వాచిపోయింది. దవాఖానకు తీసుకుపోవడానికి సాయంత్రం పలకలు వేసేదాకా ఆగాం. ఆమె కూడా ఆగింది. ఆగకూడదని మాలో ఎవరికీ తోచలేదు.

నా భార్యది మద్దూరు. కాపురానికి వచ్చి రెండేళ్లయింది. ఇంట్లో ఆమె గొంతు వినబడేది కాదు. పిలిస్తే వచ్చేది, అడిగితే చెప్పేది, అంతే. అది ఆమె స్వభావం అనుకున్నాను. తోటి దుకాణదారుల దగ్గర కొంచెం గొప్పగా కూడా చెప్పుకునేవాణ్ణి, మా ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలియదని.

ఆ ఏడు చైత్రం వెళ్లేసరికే మా బావి అడుగంటింది. ప్రతి ఎండాకాలం తగ్గేదే కానీ పూర్తిగా ఎండడం నేనెరిగి అదే మొదలు. చేద వేస్తే బురద వచ్చేది. బజారులో చాలా ఇళ్ల బావులది అదే గతి. ఊరి పడమటి వైపు ఒక రైతు తోటలో పెద్ద మోటబావి ఉండేది, అది ఎన్నడూ ఎండలేదు. తెల్లవారుజామున రైతు ఎడ్లను కట్టి మోట కొట్టేవాడు. నీళ్లు తొట్టిలో పడి కాలువ వెంట తోటలోకి పారేవి. చుట్టుపక్కల ఆడవాళ్లంతా బిందెలతో ఆ తొట్టి దగ్గరికి పోయేవాళ్లు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. నా భార్య పక్కింటివాళ్లతో కలిసి పోవడం మొదలుపెట్టింది.

వైశాఖం నెలంతా ఇలా గడిచింది. చీకటి విడిపోక ముందే లేచేది. నేను పలకలు తీసేలోపు రెండు సార్లు పోయి రావాలి. మళ్లీ సాయంత్రం పలకలు పడగానే ఒకసారి. నెత్తిమీద ఒక బిందె, చంకలో ఒకటి. మైలుకు తక్కువ ఉండదు దూరం. పాదాలు బొబ్బలెక్కాయి. వాటికి ఆముదం రాసుకోవడం చూశాను. అయినా ఆ నెలలో ఆమె మారింది. ఎలా అని అడిగితే చెప్పడం కష్టం. అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి తనలో తాను నవ్వుకునేది. ఎందుకని అడిగితే ఏం లేదనేది. మా అమ్మతో వంటింట్లో ఏవో ముచ్చట్లు చెప్పేది. తోట రైతు గేదె ఈనిందట, ఫలానా ఇంటి కోడలికి సీమంతమట. నేను వంటింటి గడప దగ్గరికి వస్తే ముచ్చట ఆగిపోయేది.

ఒకరోజు దుకాణంలో మిరపకాయలు ఎంచుకుంటున్న ఒక పెద్దమనిషి, మా కులపాయనే, మాటల మధ్యలో అన్నాడు. "ఏమోయ్, మీ ఇంటామెకు బాగ దానగుణం వచ్చిందట. తోటబాయికాడ కూలోళ్లకందరికి నీళ్లు ముంచి పోస్తున్నదట గద."

అక్కడి పద్ధతి ఇప్పటివాళ్లకు చెప్పాలి. ఆ తొట్టిని అందరూ ముట్టుకోవడానికి లేదు. తోటలో కూలి చేసేవాళ్లలో కొందరు దూరంగా కుండ పెట్టుకుని నిలబడేవాళ్లు. ఎవరైనా దయతలచి ముంచి పోస్తే నింపుకునేవాళ్లు, లేకపోతే అందరూ పోయేదాకా నిలబడేవాళ్లు. వాళ్లలో దౌల్తాబాద్ వైపు నుంచి పనికి వచ్చిన ఒక కిరస్తానీ ఆడమనిషి ఉండేది. తోటలోనే గుడిసె వేసుకుని మొగుడూ పెళ్లాలు ఉండేవాళ్లు. నా భార్య ముందు ఆమె కుండ నింపి, తర్వాత తన బిందెలు నింపుకునేదట. పెద్దమనిషి నవ్వుతూనే అన్నాడు, నేనూ నవ్వాను. కానీ నాకు తెలియని పని నా భార్య ఒకటి చేస్తోందన్నది మనసులో పడింది. అది మంచిపనా చెడ్డపనా అని కాదు. నాకు తెలియదు, ఊరికి తెలుసు. అంతే నాకు గుచ్చుకున్నది.

మర్నాడు తెల్లవారుజామున ఆమె వెళ్లిన కాసేపటికి నేనూ బయల్దేరాను. తోటకు ఇటువైపు రేగు పొదలు గుబురుగా ఉండేవి. వాటి పక్కన నిలబడ్డాను. మగవాడినైన నేను అలా దాక్కుని ఆడవాళ్లను చూడడం తప్పని కూడా ఆ పూట అనిపించలేదు. చూస్తున్నది నా భార్యనే కదా అనుకున్నాను.

ఏడెనిమిది మంది ఆడవాళ్లున్నారు. బిందెలు నిండాయి, ఎవరూ ఎత్తుకోవడం లేదు. నా భార్య కాలువ గట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని ఉంది. కొంగు నెత్తిమీద లేదు. అందరూ ఆమెవైపు చూస్తున్నారు. ఆమె ఒక్కసారి గొంతు సవరించుకుంది, గట్టిగా, రెండు సార్లు. తర్వాత గడ్డం పైకెత్తి, ముక్కుతో, "ఇంట్ల ఎవరన్న ఉన్నరా, అన్నమేమన్న అయితున్నదా," అంది.

అది నేను. మధ్యాహ్నం దుకాణంలోంచి లోపలికి నేను వేసే కేక. గొంతు సవరింపుతో సహా నేనే. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. దౌల్తాబాద్ ఆమె దూరంగా నిలబడే కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. నా భార్య కూడా నవ్వింది. వెనక్కి వాలి, నోరు తెరిచి, పెద్దగా. రెండేళ్లలో నేను ఆ నవ్వు వినలేదు. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

అప్పుడు అక్కడ నిలబడి నేను ఏం అనుకోవాల్సిందో ఇప్పుడు తెలుసు. ఇంత నవ్వు ఉన్న మనిషి నా ఇంట్లో ఎందుకు నవ్వడం లేదని అనుకోవాలి. నాకు ఆ ప్రశ్నే రాలేదు. చెవులు కాలిపోయాయి. నన్ను ఏడుగురి ముందు పలచన చేసిందన్నదే తోచింది. ఆమె ఇంటికి రాకముందే వచ్చి పలకలు తీశాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి కేక వేయబోయి, గొంతు దాకా వచ్చిన దాన్ని మింగేశాను. ఆ తర్వాత చాలా రోజులు లోపలికి కేక వేయడానికి నాకు గొంతు రాలేదు.

ఆమెను నేనేమీ అనలేదు. అంటే పొదల పక్కన నిలబడిన సంగతి చెప్పాలి. కొట్టే మనిషిని కాను, తిట్టే మనిషిని కాను, ఆ మాట మీద నాకు పెద్ద గర్వం కూడా ఉండేది. రెండు రోజులు ఆలోచించి, బావి తవ్వేవాళ్లను పిలిపించాను.

మా అమ్మకు చెబితే ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది. తర్వాత అంది. "ఎందుకురా ఇప్పుడు? వానలు పడేదాకనే గద. నెల రోజులు ఆ పిల్లకు జరంత గాలి తగుల్తది."

"కాళ్లు చూసినవా అమ్మా ఎట్లయినయో," అన్నాను.

"చూసిన," అంది. "నాయి గూడ గట్లనే అయినయి ఒకప్పుడు. ఏం కాదు."

ఆమె అలా ఎందుకందో నేను ఆగి అడగలేదు. ముసలివాళ్లు ఖర్చుకు వెనకాడతారనుకున్నాను.

పనికి ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దాయన బావిలోకి దిగి, గడ్డపారతో అడుగును అక్కడక్కడా పొడిచి చూసి, పూడిక తీశాక ఇద్దరు మనుషుల లోతు రాయి కొట్టాల్సి ఉంటుందన్నాడు. లడాయి వల్ల మందుగుండు దొరకదు, సమ్మెటతోనే కొట్టాలి, పది పన్నెండు రోజులు పడుతుంది. మగవాళ్లు లోపల కొట్టేవాళ్లు. తట్టలను గిలక మీద పైకి లాగేవాళ్లు. ఆడవాళ్లు ఆ మట్టీ రాళ్లూ నెత్తిన పెట్టుకుని బయట పోసి రావాలి. బయటికి దారి దుకాణంలోంచే కదా. ఉప్పు బస్తాలు ఒక పక్కకు జరిపి దారి ఇచ్చాను. పొద్దంతా గిరాకీల మధ్య నుంచి ఆ ఇద్దరు ఆడవాళ్లు తడి మట్టి తట్టలతో పోతూ వస్తూ ఉన్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం లోపల నా భార్య మా అమ్మతో అంటుంటే వినబడింది. "అత్తమ్మా, నేను గూడ ఒక తట్ట ఎత్తుకుంట. అప్పుడైతే దుకాణంలకెళ్లి పోవచ్చు గద." మా అమ్మ నవ్వింది. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. నాకు కోపం వచ్చింది కానీ, ఆ మాటలో తప్పేముందో పట్టుకోలేకపోయాను. నిజానికి ఏ తప్పూ లేదు. బరువు మోసే ఆడది నా దుకాణంలోంచి నడవవచ్చు, ఊరికే నడిచే ఆడది నడవకూడదు. ఈ ముక్క నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆమెకు పందొమ్మిదేళ్లకే అర్థమైంది.

బావి తవ్వకం జరుగుతున్నన్ని రోజులూ ఆమె తోటబావికి పోతూనే ఉంది. ఇప్పుడు ఇంకొంచెం ముందుగా లేచేది, ఇంకొంచెం ఆలస్యంగా వచ్చేది. సాయంత్రం పనివాళ్లు పైకి వచ్చి చేతులు కడుక్కునేటప్పుడు వాళ్లకు మజ్జిగ పోస్తూ మట్టి మోసే ఆడవాళ్లను అడిగేది, జల పడ్డదా అని. పడలేదని వాళ్లు చెప్పేవాళ్లు. రేపు పడతది, నీ కష్టం తీరుతది అని ఓదార్చేవాళ్లు. ఆమె తల ఊపేది. తర్వాత ఒక్కతే బావి ఒర అంచుకు పోయి కిందికి చూసేది. నేను దుకాణం, ఇల్లు కలిసే చోట వేలాడే తెర సందులోంచి చూశాను. ఎండిన రాయి కనబడితే మనిషి ముఖంలో దిగులు ఉండాలి. ఆమె ముఖంలో నిమ్మళం ఉంది.

ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, పని ఆపించేద్దామా అనిపించింది. ఆమె నిమ్మళం చూసిన తర్వాత కూడా తెలియలేదని చెబితే అబద్ధం. తెలిసింది. తెలిసే ఆపలేదు. ఆపితే పొదల పక్కన నిలబడిన రోజుకు నేను ఓడిపోయినట్టు అనిపించింది. ఎవరికి ఓడిపోవడం? అక్కడ నాతో పోటీ పడినవాళ్లే లేరు.

పదకొండో రోజు పొద్దెక్కాక కింది నుంచి కేక వచ్చింది. "సావుకారీ, జల పడ్డది." రాతి పగులులోంచి బొటనవేలంత ధార. మధ్యాహ్నానికి మోకాలి లోతు, మర్నాటికి మనిషి లోతు. నీళ్లు కొబ్బరినీళ్లలా తియ్యగా ఉన్నాయి. పనివాళ్లకు బట్టలు పెట్టాను, బెల్లం పంచాను. బజారులో తోటి దుకాణదారులు వచ్చి బావిలోకి తొంగి చూసి నా భుజం తట్టారు. పెళ్లామంటే ఎంత ప్రేమ అని ఒకాయన అంటే సిగ్గుపడినట్టు తల దించుకున్నాను. అంత బాగా తల దించుకోవడం నాకు ఎలా చేతనయిందో.

కొత్తగా జల పడిన బావిలో మొదటి బిందె ఇంటి కోడలు తోడాలని మా అమ్మ పసుపు కుంకుమ పళ్లెం తెచ్చింది. ఆమె బొట్టు పెట్టుకుని, బావికి పెట్టి, చేద వదిలింది. నిండు చేద పైకి వచ్చింది. బిందెలో పోసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, పక్క గోడల మీదుగా చూస్తున్నవాళ్లు, అదృష్టవంతురాలివి అన్నారు. ఆమె అందరికీ నవ్వుముఖమే చూపించింది.

వాళ్లంతా పోయాక, పెరట్లో నేనూ ఆమె మిగిలాం. అప్పుడు అడిగింది.

"నీళ్ల కోసమేనా బాయి తవ్విపిచ్చిన్రు?"

"మరి దేనికోసం? నీ కష్టం చూడలేక."

"నాకు కష్టమని నేనెన్నడన్న చెప్పిన్నా?"

నేను చేదతాడు చుట్టి గిలకకు తగిలించాను. ఆమెకు నేను చూసిన సంగతి తెలుసో తెలియదో. ఆ రోజు తోటలో ఎవరైనా నన్ను చూసి ఉండవచ్చు, చెప్పి ఉండవచ్చు. ఈ అనుమానం నన్ను ఆమె చనిపోయేదాకా వదలలేదు, నేనూ అడిగి తీర్చుకోలేదు.

రెండు రోజుల తర్వాత ఇంకొక మాట అడిగింది. తోటబావికి నేను పోను సరే, బజారులో మిగతా ఇళ్ల బావులు ఎండే ఉన్నాయి గదా, ఆ ఆడవాళ్లనే మన బావికి రమ్మనవచ్చు గదా అని. పొద్దున పలకలు తీసేలోపు వచ్చి పోతారు, ఎవరికీ అడ్డం ఉండదంది. చాలా జాగ్రత్తగా, ముందే ఆలోచించి పెట్టుకున్న మాటల్లో అడిగింది. నేను ఇచ్చిన నీళ్లను నా ఎదుటే పెట్టి, వాటిలో నలుగురికి చోటు అడిగింది. నేను కుదరదన్నాను. దుకాణంలోంచి తడి బిందెలతో పదిమంది నడిస్తే బస్తాలకు తడి తగులుతుందని, ఒకరిని రానిస్తే అందరూ వస్తారని, ఆ అందరిలో ఎవరెవరుంటారో చూసుకోవాలని అన్నాను. పదకొండు రోజులు అదే దారిలో తడి మట్టి పోయింది. ఆ సంగతి ఆమె గుర్తు చేయలేదు. చేస్తే నేనేం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. ఇంతకు ముందరి నిశ్శబ్దం నాకు హాయిగా ఉండేది. దీనిలో నాకు ఊపిరాడలేదు. ఎండ ముదిరింది, రోహిణి కార్తె వచ్చింది. పెరట్లో చుట్టూ గోడలు మధ్యాహ్నానికే పెనంలా కాగేవి. ఆమె ఆ గోడల నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ పనులు చేసుకునేది. పొద్దున వాకిలి నీడ, మధ్యాహ్నం చూరు కింద, సాయంత్రం బావి పక్కన. పాదాల బొబ్బలు మానిపోయాయి. మా అమ్మ ఒకరోజు ఆమె తలకు నూనె రాస్తూ, నేను వింటుండగానే, "నాకు గూడ నీ మామ పెండ్లయిన మూడో ఏటనే పెరట్ల బాయి తవ్విపిచ్చిండు బిడ్డా," అంది. ఇంకేం అనలేదు. ఆ బావి ఈ బావే. మా నాయిన తవ్వించినదాన్ని నేను లోతు చేశాను.

జ్యేష్ఠం చివర్లో, ఇంకా వాన చినుకు లేదు, దౌల్తాబాద్ ఆమె దుకాణానికి వచ్చింది. మెట్టు కింద, ఎండలో నిలబడి ఉప్పు అడిగింది. కట్టి ఇచ్చాను. తీసుకుని కొంగులో మూట వేసుకుని, పోకుండా నిలబడింది. ఏమిటన్నట్టు చూశాను.

"సావుకారమ్మ వస్తలేదేంది బాయికాడికి? పానం మంచిగున్నదా? పదిహేను దినాలాయె. అందరు అడుగుతున్నరు."

దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. ఒకరు ఆనాడు దానగుణం గురించి నవ్విన పెద్దమనిషే. నా వెనక తెర ఉంది. తెర వెనక గాజుల చప్పుడు ఆగింది. ఆమె వింటోందని నాకు తెలుసు.

"మా ఇంట్లనే నీళ్లు పడ్డయి," అన్నాను. అక్కడితో ఆగవచ్చు. అది నిజమే. కానీ ఆ పెద్దమనిషి నా ముఖం వైపు చూస్తున్నాడు. "ఆమెకు ఇగ అటు దిక్కు రాబుద్ధి అయితలేదట. ఆ మందిల, ఆ లొల్లిల నిలవడుడు తనకు ముందునుంచే ఇష్టం లేదన్నది."

దౌల్తాబాద్ ఆమె ఒక్క నిమిషం నన్ను చూసింది. నమ్మిందో లేదో చెప్పలేను. "గట్లనా," అంది. "మంచిదే, నీళ్లు పడ్డయి గద," అని దండం పెట్టి వెనక్కి తిరిగింది.

పెద్దమనిషి మిరపకాయలు తూచమన్నాడు. తక్కెడ ఎత్తాను. తెర అవతలి నుంచి, గిరాకీలకు వినబడనంత మెల్లగా, నా భార్య అంది.

"నా మాట గూడ మీరే చెప్పిన్రా."

కోపంగా అనలేదు. ఏడుస్తూ కూడా కాదు. ఇల్లంతా తడిమి చూసి, చివరి వస్తువు కూడా పోయిందని తెలుసుకున్న మనిషి గొంతు అది.

దౌల్తాబాద్ ఆమె ఇంకా బజారు మలుపు తిరగలేదు. ఎండ పొడకు కొంగు ముందుకు లాక్కుని, గోడల వారగా నిదానంగా నడుస్తోంది. కేక వేస్తే వినబడే దూరమే. తెర ఎత్తి, పొమ్మని నా భార్యకు దారి ఇస్తే ఇరవై అడుగుల్లో కలుసుకునేది. నేను మిరపకాయలు తూచాను. మొగ్గు సరిపోలేదని ఇంకో నాలుగు వేశాను. తల ఎత్తేసరికి బజారు ఖాళీగా ఉంది.